అడిగేదాకా

మా తమ్ముడికి మాట రాదు. ముప్పై ఏళ్లుగా వాడి నోరు నేనే. అట్ట మీద రాసిన అక్షరాల్లో వాడు రెండు చూపించేలోపే మిగతాది నేను చెప్పేసేదాన్ని. ఇప్పుడు వాడి ఒళ్లో మాట్లాడే ట్యాబ్ ఒకటి వచ్చి కూర్చుంది. కాబోయే టీచర్లకు క్లాసు చెప్పమని కాలేజీవాళ్లు వాణ్ని పిలిచారు. నాకేమో వెనక బెంచీ.

వాడు ఒక్కో అక్షరం నొక్కుతుంటే నలభై మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నా మాట ఏనాడైనా ఎవరైనా అలా విన్నారా? ఒళ్లు మండిపోయింది. వాడు "బడిలో నన్ను" దాకా రాగానే, "వెనక కూర్చోబెట్టేవాళ్లు!" అని నేనే అరిచేశాను.

ముందు వరసలో అమ్మాయి ఇటు తిరిగి, "మేడమ్, సార్ ఇంకా పూర్తి చెయ్యలేదండీ" అంది. గంట క్రితం వాణ్ని చూసిన పిల్ల నాకు చెబుతోంది!

ట్యాబ్ పలికింది: "బడిలో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. అక్కనే అడిగేవారు."

అందరూ అది నోట్సులో రాసుకున్నారు. నా ముప్పై ఏళ్ల చాకిరీ ఒక్క లైనులో తేలిపోయింది.

తిరిగొస్తుంటే బస్సులో ట్యాబ్ చార్జింగ్ అయిపోయింది. ఇప్పుడు దిక్కెవర్రా అనుకుంటే కడుపు చల్లబడింది. పాత అట్ట తీశాను. వాడు మొదటి అక్షరం మీద వేలు పెట్టేలోపే, దాహమనుకుని అలవాటుగా నీళ్ల బాటిల్ మూత తిప్పబోయాను. ఆ పిల్ల గుర్తొచ్చింది. కసికొద్దీ నోరు మూసుకుని చివరిదాకా చదివాను.

"కోపమొచ్చిందా అక్కా?"

నా గురించి వీడొక్క మాటైనా అడగడేమని ముప్పై ఏళ్లూ లోలోపల ఏడ్చాను. అడిగేదాకా ఎప్పుడు ఆగాను గనక!