ఎడమ సీటు మీద నీళ్ళు

నరసరావుపేటలో నూనె మిల్లు ఈశ్వరయ్య కొన్న ఎర్ర కారుకు రెండే తలుపులు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. మిల్లు సామాను కోసం మద్రాసు వెళ్ళిన మనిషి, ఎవరో అమ్మకానికి పెట్టారని దాన్ని వెంటబెట్టుకొచ్చాడు. నేలకు జానెడు ఎత్తున ఉండేది. అందులో కూర్చోవడమంటూ ఉండదు, పడాలి. పందేలకు చేసిన బండి అని ఆయన కనపడ్డ వాళ్ళందరికీ చెప్పేవాడు. గేదెలూ, రిక్షాలూ, మిర్చి లారీలూ ఉన్న పేట బజారులో ఆ పందెం ఎవరితోనో ఆయనకే తెలియాలి.

కుడి సీటు ఆయనది. ఎడమ సీటు ఇంకో ఇంట్లో అయితే భార్యది. కానీ ఈశ్వరయ్య మాతృభక్తుడు. డెబ్బై దాటిన తల్లి ధనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కోటప్పకొండకనీ, పిడుగురాళ్ళకనీ తిప్పేవాడు. భార్య బాలసరస్వతి ఆర్టీసీ బస్సులో వెనక వచ్చేది.

తొలకరి పడగానే కారు కారింది. పేరులోనే ఉందిగా అని బజారంతా అన్న హాస్యం ఆ సాయంత్రానికే పాచిపోయింది. ఈశ్వరయ్య స్టేషన్ రోడ్డులోని సత్తారును పిలిపించాడు. సత్తారు కార్ల మెకానిక్కునని బోర్డు పెట్టుకున్నాడు గానీ, అతని చెయ్యి తిరిగింది మాత్రం పొలాలకు నీళ్ళు తోడే ఆయిలింజన్ల మీద. నోరు విమానాల దాకా తిరిగింది. మొహంలో సగం మీసమే.

"శెట్టిగారూ, నేను చెయ్యి పెట్టాక ఒక్క చుక్క లోపల పడిందా, నడిబజార్లో ఈ మీసం గొరిగించుకుంటా" అన్నాడు.

అన్నవాడు ఊరుకోక, ఎదురు షెడ్డు ముర్తుజా వింటుండగా అన్నాడు. ముర్తుజా విన్నాడంటే పేటంతా విన్నట్టే. అందులోనూ మీసం విషయం. పల్నాడులో మనిషి అప్పు ఎగ్గొట్టి అయినా తిరగొచ్చు గానీ, మీసం మీద ఆడిన మాట తప్పి తిరగలేడు. తిరిగితే మర్నాటి నుంచి ఇంజను రిపేరుకు ఇచ్చేవాడు ఉండడు.

మొదట సత్తారు తలుపుల అడుగునా, సీట్ల వెనకా చిన్న చిన్న చిల్లులు చూశాడు. పైపుకు చిల్లు కనపడితే మూసెయ్యడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. అన్నింటినీ తారు పెట్టి మూసేశాడు. వచ్చిన వానకు పైనుంచి దిగిన నీరు బయటికి దారి లేక లోపలే నిలిచింది. పొద్దున ఈశ్వరయ్య తలుపు తీస్తే పంచె మోకాళ్ళ దాకా తడిసింది. ఆ చిల్లులు బండి చేసినవాళ్ళు నీళ్ళు పోవడానికే పెట్టారని అప్పుడు తెలిసింది. ఎదురు షెడ్డులో ముర్తుజా పని మానుకుని నవ్వాడు.

సత్తారు పళ్ళు కొరుక్కుంటూ తారు గీకి, సైకిలు బ్రేకు తీగ పెట్టి చిల్లులన్నీ పొడిచాడు. మట్టీ, కుళ్ళిన వేపాకూ గుప్పెళ్ళకొద్దీ వచ్చాయి. తర్వాత బాలసరస్వతిని అడిగి ముగ్గుపిండి తెచ్చుకుని, తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు పొడుగునా లోపలివైపు చల్లాడు. తను లోపల కూర్చుని తలుపులు బిగించుకుని, మిల్లు కూలీల చేత పైనుంచి బిందెలతో నీళ్ళు పోయించాడు. ఎడమ తలుపు పై మూల ముగ్గు తడిసి గీత పడింది. అక్కడ రబ్బరు ఎండి పగిలి ఉంది. లారీ ట్యూబు ముక్క కోసి, పంక్చరు సొల్యూషన్‌తో అతికించి మళ్ళీ పోయించాడు. ముగ్గు చెక్కుచెదరలేదు. బయటికొచ్చిన సత్తారు చెమటతో ముద్దయ్యాడు గానీ, నీటి చుక్క మాత్రం అంటలేదు. మీసం దువ్వుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు ఎడమ సీటు తడిసింది. రాత్రి చినుకులు పడ్డాయిలే అని మళ్ళీ అతికించాడు. మళ్ళీ తడిసింది. ఆ తర్వాత ఆకాశంలో మబ్బు తునక లేని రోజున కూడా తడిసింది.

"వాన లేకుండా కూడా కారతందే, ఏం చేశావయ్యా దీన్ని" అన్నాడు ఈశ్వరయ్య. "ఆదివారం మాచర్లలో మా మేనల్లుడి బట్టల కొట్టు తెరుస్తన్నారు. అమ్మని తీసకపోవాల. ఆ పూటకి సీటు పొడిగా లేకపోతే నువ్వన్న మాట నువ్వే గుర్తు చేసుకో."

వాన లేకుండా నీళ్ళు వచ్చాయంటే పోసే చెయ్యి ఉందన్నమాట. ఆ చెయ్యి బాలసరస్వతిదే అని సత్తారు తేల్చేశాడు. అత్త కార్లో ఊరేగుతుంటే బస్సులో నలిగే కోడలికి కడుపు మండదా? సాక్ష్యంతో పట్టుకుంటే మీసం దక్కుతుంది. శనివారం మధ్యాహ్నం ఇల్లంతా భోజనాలు చేసి కునుకు తీసే వేళ వెళ్ళి, కారులో ఎడమ సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట ముడుచుకుని పడుకున్నాడు.

కాసేపటికి టాపు అంచు లేచింది. ఆడ చెయ్యి ఒకటి చెంబుతో లోపలికి వచ్చి, సీటు మీద కొంతా, సత్తారు మొహం మీద ఎక్కువా కుమ్మరించింది. సత్తారు ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా ధనమ్మ.

"ఏందిరా, లోపలుంటే ఉన్నానని చెప్పొద్దా" అని ఆవిడే కసిరింది.

"నువ్వా పెద్దమ్మా. నేను నీ కోడలనుకున్నా."

"దానికేం ఖర్మ. కిటికీ పక్కన కూసోని, వేరుశెనక్కాయలు తింటా, నలుగురితో మాట్లాడతా హాయిగా వచ్చిద్ది. నన్నేమో నా కొడుకు ఈ గుంటలో పడేస్తాడు. నేను దిగేటప్పుడు ఎప్పుడన్నా చూశావా? ఇద్దరు చేతులు పట్టుకోని లాగాల, ఒకడు ఎనక నుంచి తొయ్యాల. మొన్న పిడుగురాళ్ళలో బావిలో పడ్డ గేదెని తీసినట్టు తీశారు, జనం నిలబడి చూశారు."

"కొడుక్కి చెప్పొచ్చు గదా."

ధనమ్మ ఖాళీ చెంబు వంక చూసుకుంది. "వాళ్ళ నాయన నన్ను ఏనాడూ రిక్షా కూడా ఎక్కించలేదురా. వాడికది గుర్తు. అమ్మని కార్లో తిప్పుతున్నానని ఊరంతా చెప్పుకోని మురిసిపోతన్నాడు. ఏ నోటితో వద్దని చెప్పను?"

"మరి నా మీసం సంగతేంది?"

"నీ మీసం మళ్ళా మొలిచిద్దిరా. నా మోకాళ్ళు మొలుస్తయ్యా?"

సత్తారుకు కోపం వచ్చింది. ఈ ముసలమ్మ వల్ల ముర్తుజా ముందు తల ఎత్తుకోలేకపోతున్నాడు. లోపలికి వెళ్ళి శెట్టిగారిని లేపి ఒక్క మాట చెబితే చాలు, అంతా తీరిపోతుంది. ఆ మాట వింటే శెట్టిగారి మొహం ఎలా ఉంటుందో కూడా కళ్ళకు కట్టింది.

తర్వాత ఆవిడ చేతిలో చెంబు లాక్కుని, తొట్టిలో ముంచుకొచ్చాడు.

"పైపైన పోస్తే రేపటికి ఆరిపోయిద్ది పెద్దమ్మా. ఇదిగో, ఈ కుట్టు దగ్గర పొయ్యాల. లోపలి దూదికి దిగిందంటే రెండు రోజులుంటది." మూడు చెంబులు పోశాడు. పని చేస్తే పని లాగే చేయాలి.

ఆదివారం పొద్దున బస్టాండు ముందు మంగలి బల్ల మీద సత్తారు కూర్చున్నాడు. పిలవకుండానే పదిమంది వచ్చారు. ముర్తుజా అందరికంటే ముందు నిలబడి, "ఇంతకీ ఎక్కడంట ఆ లీకు?" అని అడిగాడు.

"దొరకలా" అన్నాడు సత్తారు. ఆ మాట అతని నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. కత్తి పెదవి మీద నడుస్తుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడే మాచర్ల బస్సు బయటికొచ్చింది. దాని వెనక ఎర్ర కారు దుమ్ము తింటూ వస్తోంది. లోపల ఈశ్వరయ్య ఒక్కడే ఉన్నాడు. బస్సు కిటికీ పక్కన ధనమ్మ, ఆవిడ పక్కన బాలసరస్వతి, ఇద్దరి మధ్యా వేరుశెనక్కాయల పొట్లం. ఆవిడ కళ్ళతోనైనా మెచ్చుకుంటుందేమోనని సత్తారు ఆశగా తలెత్తి చూశాడు.

ధనమ్మ అతన్ని ఎగాదిగా చూసి, బజారంతా వినపడేట్టు కోడల్ని అడిగింది.

"ఏమే, ఎవరే ఆ పిల్లోడు? ముర్తుజా తమ్ముడా?"

సత్తారుకు ఒళ్ళు మండిపోయింది. అయినా బస్సు మలుపు తిరిగేదాకా నవ్వు ఆపుకోలేకపోయాడు.