సోమన్న సంతకం

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటేడు, జూన్ నెల. చిలుకూరులో తెలుగు బడి తెరవమని సర్కారు హుకుం వచ్చింది. ఉర్దూ చదువే చదువనిపించుకున్న చోట అదేమీ చిన్న సంగతి కాదు. పంతులుగా మత్తయ్యను వేశారు. ఇక ఆయన సంబరం చూడాలి. యాభై దాటిన మనిషి కోదాడ దాకా నడిచి వెళ్లి పలకలు మోసుకొచ్చాడు. తడిగుడ్డతో తుడిచి గోడకు ఆనించాడు. బలపాలకు తనే బండ మీద మొన తీశాడు. ఇక కావలసింది పిల్లలే.

ఇల్లిల్లూ తిరిగాడు. "కోడిపిల్లల లెక్క గంప కింద మూసిపెడితే ఎట్లనమ్మా" అని వేళాకోళమాడాడు, బతిమాలాడు, కాళ్లరిగేలా తిరిగి ఒక్కొక్కరినీ ఒప్పించాడు. బాలమ్మ గడప మాత్రం తొక్కలేకపోయాడు.

బాలమ్మ కొడుకు సోమన్నకు అక్షరాలు నేర్పింది మత్తయ్యే. రెండేళ్ల కిందట, పాత సర్కారు ఒప్పని రోజుల్లో, పశువుల కొట్టంలో చాటుగా పాలేర్లకు చదువు చెప్పేవాడు. "వేలిముద్ర వేసినోని వేలు దొరదే అయితది. సచ్చినా వేలు ఒత్తకుండ్రి, పేరు రాయుండ్రి" అనేవాడు. సోమన్న ఆ మాటను గుండెల్లో పెట్టుకున్నాడు.

పోలీసు యాక్షన్ తర్వాత మత్తయ్య మిర్యాలగూడలో చెల్లెలింట్లో ఉన్నప్పుడు ఊళ్లో మిలిటరీ క్యాంపు పడింది. దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్లకు అన్నం పెట్టబోమని కాగితం రాయించి, మగవాళ్లందరినీ చావడి ముందు నిలబెట్టి వేలిముద్రలు తీసుకున్నారు. సోమన్న వంతు వచ్చింది. వేలికి సిరా పూయబోతే వద్దన్నాడు. కలం అడిగి తీసుకుని, ఊరంతా చూస్తుండగా నింపాదిగా పేరు రాశాడు. బడే లేని ఊళ్లో పాలేరుకు రాత ఎట్లా వచ్చింది? సంఘమే నేర్పి ఉంటుంది. అంతే, వాళ్లకు ఆ రుజువు చాలింది. సూర్యాపేటకు పట్టుకుపోయారు. మనిషి తిరిగి రాలేదు, కనీసం శవమైనా రాలేదు.

బడి రేపు తెరుస్తారనగా, మనసు చిక్కబట్టుకుని మత్తయ్య ఆ ఇంటికి వెళ్లాడు. బాలమ్మ జొన్నలు చెరుగుతోంది. పక్కన ఏడేళ్ల కూతురు యాదమ్మ రాళ్లు ఏరుతోంది.

"యాదమ్మను బడికి తోలు, చెల్లే."

బాలమ్మ చేట ఆపలేదు. "నా కొడుకు అందరి లెక్క వేలు ఒత్తి ఉంటే ఇయ్యాల నాగలి దున్నుతుండె, పంతులూ."

మత్తయ్య ఏం చెప్పగలడు? కాలం మారిందనా? ఆ మారిన కాలమే కదా ఆమె కొడుకును మింగింది. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"ఆగు" అంది బాలమ్మ. "పోరికి సదువంటే పానం. తోలుత. గని ఒక్క మాటియ్యి. సదువుడు నేర్పు, రాసుడు నేర్పకు. కండ్లతోని సదివితే ఎవ్వనికి కానరాదు. రాస్తెనే పట్టుకపోతరు. పోరిని వేలిముద్ర ఏసుకుంటనే బతకనియ్యి."

ఎవరితోనైనా వాదనకు దిగే మనిషి, ఆ రోజు వాదించలేదు. కడుపు చెరువైన తల్లితో ఏం వాదిస్తాడు?

"మాటిచ్చిన, చెల్లే" అన్నాడు.

మర్నాడు బడి తెరిచారు. పిల్లలు పలకల కోసం ఎగబడ్డారు. యాదమ్మా ఒకటి అందుకుంది. ఒళ్లో పెట్టుకుని, బలపం పట్టుకుని, ఏం రాయమంటారోనని పంతులు మొహంలోకి చూస్తూ కూర్చుంది.

మత్తయ్య దగ్గరికి వెళ్లి పలక తీసుకోబోయాడు. పిల్ల వదల్లేదు. ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

"నేనేం తప్పు జేసిన, సారూ?"

"ఏం తప్పు జెయ్యలే, బిడ్డా. నువ్వు సూడు, సాలు."

అని బోర్డు వైపు తిరిగాడు. పిల్లలకు మొహం చూపించలేక, అక్షరం కింద అక్షరం రాస్తూ చాలాసేపు అట్లాగే నిలబడిపోయాడు.