బూటు లేసుల గ్లవ్

ఎమిల్ హ్రుష్కా వంగి గులకరాళ్లు ఏరుతున్నాడు. బేస్‌బాల్ ఆట మొదలయ్యే ముందు, తాను కాపుండే రెండో బేస్ చుట్టూ మట్టిని వేళ్లతో తడిమి, తగిలిన ప్రతి రాయినీ జేబులో వేసుకుంటాడు. బంతి రాయికి తగిలి ఎగిరితే రాలేది అతని పళ్లే. పొట్టి మనిషి, లావు మెడ, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న చిటికెనవేలు. పెన్సిల్వేనియా బొగ్గుగనిలో పనిచేస్తూ, ఆదివారాలు ఆడుతూ, ముప్పై దగ్గర పడ్డాక ఈ పెద్ద జట్టులోకి వచ్చాడు. అదీ రెండో బేస్ దగ్గర ఆడే హోల్డెన్ బొటనవేలు విరగ్గొట్టుకున్నందుకు. ఆ వేలు నయమయ్యేలోగా తానేంటో చూపించకపోతే మళ్లీ గనే. అందుకే పళ్లు బిగించి ఆడుతున్నాడు.

ఏడో ఇన్నింగ్స్‌లో నేలబారు బంతిని దూకి పట్టి, మోకాళ్ల మీదనుంచే మొదటి బేస్‌కి విసిరాడు. సరిగ్గా ఛాతీ ఎత్తున వెళ్లింది. అక్కడ కాపున్న లాస్కర్, జనాన్ని చూస్తూ చేయి ఆలస్యంగా చాచాడు. బంతి జారింది, ఎదుటి జట్టుకి రెండు పరుగులు వచ్చాయి. లాస్కర్ జట్టు ముద్దుబిడ్డ. తప్పు ఎమిల్ నెత్తిన పడింది.

బ్యాటింగ్ వంతు రాగానే, ఆ రోజుల్లో అందరూ చేసినట్టే, ఎమిల్ కూడా గ్లవ్‌ని మైదానంలోనే రెండో బేస్ వెనక గడ్డిలో పడేసి వచ్చాడు. మళ్లీ ఫీల్డింగ్‌కి వెళ్లినప్పుడు తీసుకోవడమే. దాని తోలుతాళ్లు తెగిపోతే, గని ధూళికి ఊపిరాడక చచ్చిపోయిన తండ్రి బూటు లేసులతో అల్లుకున్నాడు.

“లాస్కర్, నా బంతి ఎక్కడికొచ్చిందో మేనేజర్‌కి చెప్పు.”

లాస్కర్ పొగాకు ఉమ్మాడు. “నువ్వు విసిరింది బంతో బొగ్గుపెళ్లో నాకేం తెలుసురా?”

బెంచీ అంతా నవ్వింది. ఎమిల్ బ్యాట్ తీసుకోబోతే మేనేజర్ గోర్మన్ లాక్కున్నాడు.

“వేరేవాడు వెళ్తాడులే. హోల్డెన్ వేలు బాగైంది. నువ్వు సాయంత్రం రైలుకి ఊరికి పో.”

“నా గ్లవ్ అక్కడే ఉంది.”

“ఎవడో తెస్తాడు. ఇక దాంతో నీకేం పని?”

ఎమిల్‌కి ఒళ్లు మండిపోయింది. గ్లవ్ కోసం ఇన్నింగ్స్ అయ్యేదాకా వీళ్ల నవ్వుల మధ్య చేతులు కట్టుకుని నిలబడాలా? జేబులోని గులకరాళ్లన్నీ తీసి గోర్మన్ ఒళ్లో పోశాడు.

“మీ రాళ్లు మీరే ఉంచుకోండి. రేపట్నుంచి రాలేవి ఇంకొకడి పళ్లు.”

అతను వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

తరువాతి ఇన్నింగ్స్‌లో ఎమిల్ బదులు దిగినవాడు ఆ గ్లవ్‌ని దాటుకుని వెళ్లాడు. ఆట ముగిసింది. జనం వెళ్లిపోయారు. గడ్డిలో గ్లవ్ వెల్లకిలా పడి ఉంది, లేసుల ముడులు బిగించినవి బిగించినట్టే.