పహిల్వాన్ ఇంట్లో కొత్త కూన

"నా పేరున్న గిన్నెల కుక్కకు పాలు పోస్తవా?" అని శుక్రవారం పొద్దున్నే మామయ్య లొల్లి మొదలుపెట్టారు.

గిన్నె అంచు మీద 'రామలింగం' అని చెక్కి ఉన్న మాట నిజమే. కానీ ఆయన పేరు లేని స్టీలు సామాను మా ఇంట్లో లేదు. చివరికి పిండి జల్లెడ మీద కూడా ఆయనే ఉన్నారు.

"పేరు బయటున్నది గద బాపూ, అది నాకేది లోపల," అన్నాడు మా ఆయన శ్రవణ్.

"నువ్వు చుప్ ఉండు. దుకాణం గుంజుకున్నవ్, గిన్నె గూడ గుంజుకో."

అసలు సంగతి అదీ. తాళ్లు, టార్పాలిన్లు అమ్మే మా దుకాణంలో నలభై ఏళ్లు కూర్చున్న మనిషిని, మోకాళ్ల నొప్పుల పేరు చెప్పి, ఆరు నెలల కిందట శ్రవణ్ ఇంట్లో కూర్చోబెట్టాడు. అప్పటినుంచి మామయ్య ఇంటినే దుకాణంలా నడుపుతున్నారు. నేను కూరగాయలు తెస్తే సంచీలోంచి ఒక్కొక్క బెండకాయా తీసి విరిచి చూస్తారు. ఆయన కుర్చీ కింద మా ముసలి కుక్క పహిల్వాన్ పడుకుని ఉంటాడు. వాడికి పదకొండేళ్లు. మోకాళ్లు మాత్రం ఇద్దరివీ ఒకటే.

గురువారం సాయంత్రం మా పదేళ్ల శ్రీహిత, ఏడాదిపాటు మా ప్రాణాలు తీసి సాధించిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంది. పేరు బర్ఫీ. కొత్తవాళ్లను ఇంట్లోకి తెచ్చుకోవడానికి మా అత్తమ్మ నాగమణమ్మకు ఒక్క పద్ధతే తెలుసు. పిల్లను గడప ముందు నిలబెట్టి, బొట్టు పెట్టి, హారతి తిప్పి, కుడికాలు ముందు పెట్టమన్నారు.

"ఏ కుడికాలు అత్తమ్మా? ముందుదా, ఎనకదా?" అని అడిగాను.

"నీ డిగ్రీ గీడ చూపియ్యకు," అన్నారు.

పదకొండేళ్లలో ఒక్క హారతికీ నోచుకోని పహిల్వాన్ ఈ వైభవమంతా చూశాడు. అత్తమ్మ పళ్లెం కింద పెట్టేదాకా ఆగాడు. మెల్లగా లేచి వచ్చి, దాని మీద కాలెత్తాడు. కర్పూరం ఆరిపోయింది.

అప్పటినుంచి రొట్టె ముట్టలేదు. నీళ్లు తాగుతాడు, మా అందరినీ చూసి మొహం తిప్పుకుంటాడు. గిన్నె గొడవ ముగించి మామయ్య తీర్పు కూడా చెప్పేశారు.

"ఐతారం దాంక చూస్త. అప్పటికి నా పహిల్వాన్ తినకుంటే గా పిల్లను వాపస్ ఇచ్చుడే."

శ్రీహిత ఏడవలేదు. ఏడిస్తే నాకు నయంగా ఉండేది. బర్ఫీని ఒళ్లో పెట్టుకుని గోడకానుకుని కూర్చుంది, బడికి పోనంది.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. రెండు కుక్కలనూ ఇంట్లో కలపడమే తప్పన్నాడు. ఎవరిదీ కాని చోటుకు తీసుకుపోయి, పక్కపక్కన నడిపించమన్నాడు.

"మన హుస్సేనీ ఆలం గల్లీలల్ల పహిల్వాన్ కాలెత్తని స్తంభం ఏడున్నది?" అన్నాడు శ్రవణ్.

అందుకని ఆదివారం పొద్దున ఊరి బయట జల్‌పల్లిలో మేం కొని వదిలేసిన ప్లాటుకు ఆటోలో పోయాం. తీర్పరిగా మామయ్య కూడా వచ్చారు. దిగగానే పహిల్వాన్ నాలుగు హద్దురాళ్లనూ వరసగా తడిపాడు.

"రిజిస్ట్రేషన్ అయిపాయె," అన్నారు మామయ్య గర్వంగా.

అయినా నడిపించాం. మొదట రోడ్డుకు చెరో అంచున, తర్వాత దగ్గరదగ్గరగా. ఎదురుగా మేకల మంద వచ్చేసరికి బర్ఫీ హడలిపోయి పహిల్వాన్ పొట్ట కిందికి దూరింది. వాడు కదల్లేదు. మేకలు పోయేదాకా అలాగే నిలబడ్డాడు. శ్రీహిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చాక ఆ మర్యాద పది నిమిషాలు కూడా నిలవలేదు. వాడు కుర్చీ కింద వాలగానే బర్ఫీ వాడి చెవి పట్టి గుంజింది. తోక కొరికింది. వీపు మీదెక్కింది. పహిల్వాన్ ఒక్కసారి గుర్రుమన్నాడు. కరవలేదు. లేచి, ఆ మోకాళ్లతోనే మేడమెట్లు ఒక్కొక్కటే ఎక్కి, కూన ఎక్కలేని ఏడో మెట్టు మీద పడుకున్నాడు.

మామయ్య చాలాసేపు అటే చూశారు. వంటింట్లోకి వచ్చి, నన్నడక్కుండా రెండు రొట్టెలు తీసుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కారు. ఆరో మెట్టు మీద కూర్చుని, ముక్కలు తుంచి చేతిలో పెట్టి చాపారు. మూడో పిలుపుకు పహిల్వాన్ తిన్నాడు. ఒకటి కాదు, రెండు రొట్టెలు.

మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. శ్రీహిత కంచం వైపు చూడటం లేదు. మామయ్య పప్పు కలుపుకుంటూ గొంతు సవరించుకున్నారు.

"పహిల్వాన్‌కు పిల్ల మీద కోపం లేదు. పొద్దంతా ఇంట్ల గీ లొల్లి పడతలేదు, గంతే. బర్ఫీ ఈడనే ఉంటది. రేపటి సంది పహిల్వాన్ పొద్దుగాల దుకాణానికి వస్తడు. ఒంటిగంటకు ఇంటికొస్తడు."

"మంచిగున్నది గని బాపూ, దుకాణంల వాన్ని ఎవరు చూస్తరు?" అన్నాడు శ్రవణ్.

అడగాల్సిన ప్రశ్న కాదది. నేను కళ్లతో చెప్పాను, ఆలస్యమైంది.

"నేను," అన్నారు మామయ్య. "గల్లాపెట్టె కాడ జాగ చేసి పెట్టు."