మధ్యాహ్నం వినని క్లాసు

వకుళమాల మా ఇంటి వెనక గదిలో అద్దెకుండేది. ఆళ్లగడ్డలో కృపమ్మ టీచరమ్మ నడిపే మిషన్ బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పేది. సొంతూరు అహోబిలం. బనగానపల్లెలో వరదరాజులు అనే అతనికిచ్చి చేశారు. అతను తాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు. బయటికి పోయేటప్పుడు పెళ్లాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి, తాళంచెవి జంధ్యానికి కట్టుకుని పోయేవాడు. సాయంత్రం వచ్చి తీసేవాడు. మూడేళ్లు అట్లా గడిపి, అతను తాళం మరిచిపోయిన ఒకరోజు ఈ పిల్ల కట్టుబట్టలతో బస్సెక్కి వచ్చేసింది. తాళం సంగతి చెబితే, ఇంతేనా, ఇంకేం కష్టం లేదా అన్నవాళ్లే ఎక్కువ.

మా ఆయన నారాయణ వకీలు. ఆ పిల్ల కేసు ఆయనే చూసేవారు. నేను చదివింది నాలుగో తరగతి. అయినా వకీలు ఇంట్లో ముప్పై ఏళ్లు వంట చేసినదాన్ని కదా, తాలింపు పెడుతూనే సెక్షన్లు వినేదాన్ని. నా పెళ్లాం కాపురానికి వచ్చేట్టు ఆర్డరివ్వండని వరదరాజులు నంద్యాల కోర్టులో కేసు వేశాడు. అది నడుస్తుండగానే, ఎనభై మూడులో, హైదరాబాదు హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. మనిషిని కాపురానికి పొమ్మని కోర్టు బలవంతం చేయకూడదు, ఆ సెక్షనే చెల్లదు అని. మా ఆయన పేపరు పట్టుకుని వెనక గదికి పోయారు.

ఆ పిల్ల రెండుసార్లు చదువుకుంది. "అయితే నేనింక ఆడికి పోయే పన్లేదా సార్?"

"పన్లేదు. నిమ్మళంగా నిద్రపో."

ఆ నెలలోనే ఆమె గదికి సున్నం కొట్టించుకుంది.

మరుసటేడు కార్తీకం చివర్లో ఒక ఆదివారం నంద్యాలలో వకీళ్లకు క్లాసు పెట్టారు. పెళ్లిళ్లు, విడాకుల చట్టాలు ఏడాదికొక రకంగా మారుతున్నాయి, తెలుసుకోకపోతే నమ్మి వచ్చినవాళ్లు మునుగుతారని, రిటైరైన జడ్జి ఒకాయన్ను పిలిపించారు. నేనూ వెంటపడ్డాను. నంద్యాల దాకా పోతే మహానంది ఎంత దూరం, కార్తీక స్నానం చేసి రావచ్చని నా ఆశ.

తలలు నెరిసిన వకీళ్లు ఇస్కూలు బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూచున్నారు. నేను వరండాలో కిటికీ పక్కన కూచున్నాను.

"ఏందప్పా నారాయణా, ఇన్నేండ్లు వాదించి మళ్లా ఒకటో తరగతికి వచ్చినావు" అన్నాడు ముందు బెంచీ ఆయన.

"నువ్వు పోయినేడు ఫెయిలైనావంట కదా, తోడుగా ఉందామని" అన్నారు మా ఆయన.

జడ్జిగారు మైకులో చెప్పేది నాకూ వినపడింది. ఆ హైకోర్టు మాటను ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసిందట. సెక్షన్ చెల్లుతుందట. ఆ నెల పేపర్ల నిండా రాజకీయాల గొడవలే, ఇది మావాళ్లలో ఎవరి కంటా పడలేదు. తొంగిచూస్తే మా ఆయన పెన్ను కాగితం మీద అట్లే ఆగి ఉంది.

"ఆర్డరు వస్తే దాన్ని ఎంతవరకు అమలు చేయొచ్చు అన్నదే అసలు సంగతి. అది భోజనాలయ్యాక చూద్దాం" అన్నారు జడ్జిగారు.

చిత్రాన్నం పొట్లాలు పంచారు. మా ఆయన తింటూ, "మధ్యాహ్నందీ విని పోదాం" అన్నారు.

"ఒంటిగంట మహానంది బస్సు తప్పితే మళ్లా సాయంత్రమే. పొద్దన్నుంచీ విన్నారు కదా, చాల్లేదా?"

"అసలుది ఇప్పుడే చెప్తా అంటాండాడు కదే."

"ప్రభుదాసు రాసుకుంటాండాడు. ఆయన్నడిగి తీసుకోండి."

ప్రభుదాసు నంద్యాల కుర్ర వకీలు. అక్షరం వదలకుండా రాసేవాడు. మా ఆయన పొట్లం కాగితాన్ని మడతలు పెట్టి పెట్టి, సరే పద అని లేచారు. మహానందిలో నీళ్లు అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి. ఎంత బాగుండిందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పదిరోజుల్లో ఆ పిల్ల కేసు వాయిదా. కుర్రవాణ్ని పోయి అడగడానికి ఈయనకు పెద్దరికం అడ్డొచ్చింది. అడగండని గుర్తుచేయడానికి నాకు తోచలేదు. విన్న సగమే తీసుకుపోయి వకుళమాలకు చెప్పారు.

"పోను అంటే ఏమైతాది సార్?"

"కోర్టు ఆర్డరమ్మా. కాదనేదానికి ల్యా, పోవాల్సిందే."

"పోలీసులొస్తారా? బడికాడికి?"

ఆ సంగతి ఆయనకే తెలియదని నాకు తెలుసు. "అంతదాకా తెచ్చుకునేది ఎందుకు తల్లీ" అన్నారు.

ఆ మాటతో ఆమె, బడిపిల్లల ముందర పోలీసులు తనను జీపెక్కించినట్టే అనుకుంది. వాయిదా రోజున, నేనే పోతాను, తాళం మాత్రం వేయకూడదు అని రాసి సంతకం పెట్టింది. వరదరాజులు తల ఊపాడు. సంక్రాంతి సెలవుల దాకానన్నా ఆగమని కృపమ్మ బతిమాలింది. ఆగలేదు. ఆ ఉద్యోగం వారంలోనే ఇంకొకరికి పోయింది.

మూడు వారాలకు ప్రభుదాసు ఏదో పనిమీద ఆళ్లగడ్డకు వచ్చి, మా ఇంట్లో కాఫీ తాగుతూ క్లాసు నోటు పుస్తకం తీశాడు. మా ఆయన మధ్యాహ్నం భాగం పైకి చదివారు. ఆర్డరు ఇచ్చినా మనిషిని పట్టుకుని ఈడ్చుకుపోయే అధికారం ఎవరికీ లేదు. ఆస్తి ఉంటే జప్తు చేయొచ్చు, అంతే. ఏడాది దాకా కలవకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చు. వకుళమాలకు ఆస్తంటే ఒక ట్రంకు పెట్టె. వెనక గదిలో కూచుని పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఏడాది గడిపి ఉంటే సరిపోయేది. చదవడం అయ్యాక ఆయన నా వైపు చూడలేదు.

మర్నాడే ఆ నోటు పుస్తకంతో బనగానపల్లె పోయాం. పట్టపగలు తలుపుకు బయట తాళం వేసి ఉంది. పిలిస్తే వకుళమాల కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్లకింద నల్లబడి ఉంది.

"నిన్ను ఎవురూ ఈడ్చుకుపోలేరంట తల్లీ. నేను తప్పు చెప్పినా" అన్నారు మా ఆయన.

"ఈసారన్నా మొత్తం చదివినారా సార్?"

ఆయన పుస్తకం ఊచల సందులోంచి ఇచ్చారు. నిలబడే నాలుగు పేజీలూ చదివింది. "కోర్టులో సంతకం పెట్టినా. ఇప్పుడొస్తే మాట తప్పినట్టు కాదా?"

"తప్పింది ఆయప్ప. తాళం నా కండ్ల ముందరే ఉంది" అన్నారు మా ఆయన.

సాయంత్రం దాకా ఆ అరుగు మీదే కూచున్నాం. వరదరాజులు వచ్చి మమ్మల్ని చూసి, తాళం తీశాడు. వకుళమాల పెట్టెతో బయటికి వచ్చింది.

"కోర్టులో చూసుకుందాం" అన్నాడతను.

"చూసుకుందాం" అంది.

నంద్యాల బస్సు సగం దూరం పోయింది. అప్పుడు ఆమె అడిగింది. "ఇవన్నీ ఆ పొద్దు క్లాసులో చెప్పినవే కదా సార్. మరి మీరు యాడున్నారు?"

నేను చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. అంతలో మా ఆయన, "తలనొప్పిగా ఉంటే లేచొచ్చినా తల్లీ" అన్నారు.

"తలనొప్పి" అంది వకుళమాల.

మా ఇంటికి తిరిగి రాలేదు. కృపమ్మ దగ్గర ఉండి, కేసు ప్రభుదాసుకు ఇచ్చింది. రెండేళ్లకు విడాకులు వచ్చాయి. బజారులో కనబడితే, "బాగుండావా అత్తా" అని నాతో నిలబడి మాట్లాడేది. మా ఆయన ఎదురైతే పక్క సందులోకి తిరిగేది. ఆయన ఇంటికొచ్చి, "ఈ పొద్దు వకుళమాల కనపడింది" అని మాత్రం అనేవారు. నేను కంచం పెట్టేదాన్ని.

ఎనభై తొమ్మిదిలో ఆయన పోయారు. తొమ్మిదో రోజు వకుళమాల వచ్చి నా పక్కన చాప మీద కూచుంది.

"మంచోడే అత్తా. ఆ పొద్దొక్కటే నేను మరిచిపోలేకపోయినా" అంది.

ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. మహానంది సంగతి నోటిదాకా వచ్చింది. కాఫీ తాగుతావా అని అడిగాను.