సాలు చివర

మిర్యాలగూడ శివారులోని ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో యాదమ్మ ముప్పై ఏళ్ళుగా వడ్లు తిప్పుతోంది. ఇప్పుడు ఎనిమిదిమంది ఆడవాళ్ళ మీద మేస్త్రి కూడా. ఆమె గొంతు లేచిందంటే వడ్లు ఆరబోసే గచ్చు పక్కన లారీ డ్రైవర్లు హారన్ ఆపేస్తారు. అంతటి యాదమ్మ చెప్పిన మాట చెవికెక్కని మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె కూతురి కూతురు హిమజ. పదకొండేళ్ళ పిల్ల, ఆరో తరగతి.

చెవికెక్కదంటే ఎదురు చెబుతుందని కాదు, పాపం. "నల్లా కాడ బిందె వెట్టి, అది నిండేలోపు కొత్తిమీర తేపో" అంటే, "సరే అమ్మమ్మా" అని ఎంతో సంబరంగా లేస్తుంది. గంట తరువాత వెళ్ళి చూస్తే బిందె పొంగిపొర్లుతుంటుంది, పిల్లేమో పక్కింటి గోడెక్కి కూర్చుని వాళ్ళు డిష్ బిగించడం చూస్తుంటుంది. కొత్తిమీర సంగతి ఆ దేవుడికే తెలియాలి. ఒంటి చెప్పుతో బడి నుంచి వచ్చిన రోజులున్నాయి. రెండోది ఏదే అని అడిగితే మనకంటే ఎక్కువగా అదే ఆశ్చర్యపోతుంది.

ఇంట్లో ఎట్లాగో నెట్టుకొచ్చారు. బడిలో మాత్రం మొదటి పరీక్షలప్పుడు గొడవ ముదిరింది. లెక్కల పరీక్ష రాస్తూ రాస్తూ, బయట జేసీబీ చప్పుడైందని హిమజ లేచి వెళ్ళిపోయింది. కాలువ తవ్వడం చూస్తూ నిలబడి, పరీక్ష ఒకటుందన్న సంగతే మరిచింది. చేసిన మూడు లెక్కలూ కరెక్టే. మిగతా కాగితమంతా తెల్లగా ఉంది. హెడ్మాస్టరు తల్లిని పిలిపించి అందరి ముందూ దులిపేశాడు.

తల్లి భాగ్య బట్టల దుకాణంలో సేల్స్‌లో పనిచేస్తుంది. రోజంతా నిలబడి పరాయివాళ్ళకు నవ్వుతూ చీరలు విప్పి చూపించే మనిషి, ఆ సాయంత్రం ఇంటికొచ్చి గోడకానుకుని ఏడ్చింది.

"సూర్యాపేటల హాస్టల్ బడి ఉన్నదంటమ్మా. గాడ కదిలితే తోలు తీస్తరట. ఆర్నెల్లల్ల దారికొస్తదని మా సేటమ్మ చెప్పింది."

"తోలు తీపిచ్చెటందుకు కన్నవా దాన్ని?" అంది యాదమ్మ.

"మరి నేనేం జెయ్యాలె? దాని నాయిన లారీ మీద పోతే పదిహేను రోజులకొస్తడు. అడిగితే మీ ఇష్టమంటడు."

యాదమ్మ విసురుగా లేచి పొయ్యి మీద ఎసరు పెట్టింది.

హాస్టల్‌వాళ్ళు డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ముగ్గురూ సూర్యాపేట బస్సెక్కి పెద్ద దవాఖానకు పోయారు. పిల్లల డాక్టరమ్మ సంతకం పెట్టడానికి పెన్ను తీసేలోపు హిమజ తిరుగుడు స్టూలు మీద నాలుగు చుట్లు తిరిగి, బరువు చూసే మిషనెక్కి దిగి, సొరుగు లాగి, "ఇందులేమున్నది మేడం?" అంది. భాగ్య చెయ్యెత్తింది. డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. పెన్ను పక్కన పెట్టి చాలాసేపు ప్రశ్నలడిగింది. చిన్నప్పటి నుంచీ ఇంతేనా, ఇంట్లోనూ బడిలోనూ ఇంతేనా అని. ఇంటివాళ్ళు నింపడానికి ఒక కాగితం, టీచరు నింపడానికి ఒక కాగితం ఇచ్చి, మళ్ళీ రమ్మంది.

ఇంటి కాగితం నింపిన వైనం చెప్పుకోవాలి. యాదమ్మకు చదువు రాదు, భాగ్య దుకాణంలో ఉంది. కాబట్టి హిమజే చదివింది.

"‘ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తి కాకముందే...’"

"ఏందే అది..." అనబోయింది యాదమ్మ.

"‘మధ్యలో మాట్లాడుతుందా?’ లేదు గద అమ్మమ్మా! నేనెప్పుడు మాట్లాడిన?"

అయిదో ప్రశ్న తరువాత తొమ్మిదో ప్రశ్నకు పోయింది. ఆ మధ్యలో ఫ్యాన్ రెక్కకు అంటిన బూజు కనబడి, చీపురు తేవడానికి లేచింది. కాగితం భాగ్య వచ్చాక మళ్ళీ మొదటి నుంచి నింపాల్సి వచ్చింది. యాదమ్మ మాత్రం కడుపుబ్బ నవ్వింది, చాలా రోజుల తరువాత.

రెండోసారి పోయినప్పుడు డాక్టరమ్మ రెండు కాగితాలూ ముందేసుకుని నెమ్మదిగా చెప్పింది. "దీన్ని ఏడీహెచ్‌డీ అంటరమ్మా. ఇది పిల్ల పొగరు కాదు, మీ పెంపకంల తప్పు కాదు. మెదడు తీరే అట్లుంటది. కొట్టి కూసోబెడితే పోయేది కాదు. ఒక్కసారి ఒక్క పనే చెప్పండి. చేసినంక వెంటనే మెచ్చుకోండి. చదువును చిన్న చిన్న ముక్కలు చేసి, నడుమ నడుమ కదలనియ్యండి. టీచరుతోని కూడ మాట్లాడండి. మూడు నెలలు సూద్దాం. మందు అవసరమైతే అప్పుడు మొదలుపెడదాం, భయపడేదేం లేదు."

బస్సులో భాగ్య కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. సగం దూరం వచ్చాక ఇటు తిరిగి అంది, "సర్టిఫికెట్ కూడ తీస్కున్ననమ్మా. అర్ధ సంవత్సరం పరీక్షలు సూస్త. అన్నీ గంట కొట్టేదాక కూసుంటే ఈడనే చదువుతది. మల్ల లేసి బయటికి పోయిందంటే సూర్యాపేటకే." హిమజ అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది. నిద్రలోనూ కాలి వేళ్ళు కదులుతూనే ఉన్నాయి.

మర్నాడు యాదమ్మ మంచి చీర కట్టుకుని బడికి పోయింది. లెక్కలు చెప్పే నాగరాణి టీచరుది కోదాడ, మాట కాస్త ఆ వైపుది.

"పిల్ల తెలివైందేనండీ. కానీ కాళ్ళు ఆడిస్తూనే ఉంటుంది. కాళ్ళకేమో గజ్జెల పట్టీలాయె. ఘల్లుమన్నప్పుడల్లా క్లాసంతా నవ్వు. రోజుకు పదిసార్లు ‘గజ్జెలు ఆపు’ అంటాను. ఈ మధ్య నయం, అస్సలు మోగనివ్వడంలేదు. పాఠం మాత్రం ఒక్క ముక్క ఎక్కడం లేదు, ఎందుకో మరి."

ఆ గజ్జెల కథ వేరే ఉంది. మిల్లు గచ్చు చుట్టూ లారీలు వెనక్కీ ముందుకూ కదులుతుంటాయి. పనికొచ్చే తల్లులు పిల్లల కాళ్ళకు గజ్జెలు కట్టి వదులుతారు, డ్రైవరుకు వినబడాలని, తమకూ వినబడాలని. హిమజకు నడక వచ్చిన నెలలోనే యాదమ్మ కట్టింది. మిగతా పిల్లలకు నాలుగైదేళ్ళకు తీసేస్తారు. ఈ పిల్ల ఎటు పోతుందో తెలియదు కదా అని యాదమ్మ తీయలేదు. ఇరుకైనప్పుడల్లా పెద్దవి కొన్నది.

ఆ సాయంత్రం మనవరాలికి తల దువ్వుతూ అడిగింది. "గజ్జెలు మోగనిస్తలేవట గద. మంచిదే. మరి పాఠమెందుకు ఇనవే?"

"గవి మోగకుంట సూస్కుంటున్న గద అమ్మమ్మా. ఇగ పాఠమెట్ల ఇనాలె?"

యాదమ్మ దువ్వెన కింద పెట్టింది. పిల్ల అదేదో మామూలు సంగతి అన్నట్టు చెప్పింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాళ్ళను బిగబట్టుకుని కూర్చోవడమే దానికి చదువైపోయింది. ఆ పని పెట్టింది టీచరు కాదు, తను. యాదమ్మకు దుఃఖం ఆగలేదు. పట్టీల మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతే పల్లీనూనె పోసి, కళ్ళు తుడుచుకుంటూ అరగంట తిప్పి ఊడదీసింది. "ఆడియ్యి బిడ్డా. ఎంత ఆడిస్తవో ఆడియ్యి" అంది.

హిమజ లేచి రెండుసార్లు గెంతింది. చప్పుడు రాలేదని మళ్ళీ గెంతింది.

ఆదివారం యాదమ్మ పిల్లను గచ్చు మీదికి తీసుకుపోయింది. ఉడికించిన వడ్లను గచ్చంతా పరిచాక ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఉత్త కాళ్ళను ఈడ్చుకుంటూ నడుస్తారు. కాళ్ళ వెనక దుక్కిలో లాగా సాళ్ళు పడి కింది తడి వడ్లు పైకొస్తాయి. అక్కడొక కట్టుబాటుంది. సాలు పట్టిన మనిషి చివరిదాకా పోవాలి, చివర్న మళ్ళి పక్క సాలులో వెనక్కి రావాలి. ఎంత పనున్నా అడ్డంపడి పోకూడదు. పోతే పక్కవాళ్ళ సాళ్ళు చెరుగుతాయి, మేస్త్రి తిట్లు తప్పవు.

"ఏడో ఎక్కం చదువుకుంట చివరికి పో" అంది యాదమ్మ. అంతే చెప్పింది. ఒక్క పని.

చివరికి పోయింది. "ఇగ మళ్ళు." మళ్ళింది. "రా." సగం వచ్చాక గేటులో బొలెరో కనబడింది, పిల్ల వడ్లకు అడ్డంపడి పరుగు. ఎనిమిదిమంది ఆడవాళ్ళూ ఒక్కసారి అరిచారు. మేస్త్రి మనవరాలైనా సరే, చెరిగిన సాళ్ళన్నీ దానితోనే దిద్దించారు. దిద్దుతూ దిద్దుతూ ఏడో ఎక్కం మూడుసార్లు, ఎనిమిదోది రెండుసార్లు అప్పజెప్పింది. ఇంట్లో చాప మీద రెండు నెలలైనా రానిది అక్కడ ఒక్క పూటలో వచ్చింది. కాళ్ళకు పనుంటే ఆ పిల్ల తల ఎంత కుదురుగా ఉంటుందో యాదమ్మ మొదటిసారి చూసింది. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి ఎట్లా చూడలేదని తన మీద తనకే కోపం వచ్చింది.

ఈ సంగతి విని నాగరాణి టీచరు నమ్మలేదు. మరుసటి ఆదివారం స్వయంగా మిల్లుకొచ్చి, చెప్పులు విడిచి గచ్చు అంచున నిలబడి చూసింది. సోమవారం నుంచి హిమజ కిటికీ పక్క నుంచి ముందు బెంచీకి మారింది. ఐదు లెక్కలు బోర్డు మీద రాసేచోట దానికి రెండే ఇచ్చి, అవి అయ్యాక ఇంకో రెండు. పావుగంటకోసారి వరండా చివరిదాకా పోయి రావచ్చు. పరీక్షలోనూ ఒకసారి అట్లా పంపాలని హెడ్మాస్టరును అడిగితే ఆయన ముఖం చిట్లించాడు. "ఒక్కసారే. వెనక్కి రాకపోతే పేపర్ తీసేసుకుంటా" అన్నాడు.

ఇక అంతా చక్కబడిందని అనుకుంటే పొరపాటు. ఒకరోజు వరండా చివర్న మధ్యాహ్న భోజనం గుడ్లు ఉడుకుతుంటే హిమజ అక్కడే ఉండిపోయి పొట్టు తీసి పెట్టింది. ఇంకోరోజు నోటుపుస్తకాల సంచీయే బస్టాండులో మరిచి వచ్చింది. యాదమ్మ రెండుసార్లు నోరు చేసుకుని, ఆ తరువాత తనే బతిమాలుకుంది. అయినా ఆ ఇంట్లో సాయంత్రాలు మునుపటికంటే హాయిగా గడిచాయి.

పరీక్షలొచ్చాయి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, సైన్సు, సోషల్ ఎట్లాగో గట్టెక్కాయి. చివరిది లెక్కలు. మొదటిసారి మధ్యలో లేచి వెళ్ళిన పరీక్ష. ఆ రోజు యాదమ్మ గచ్చు మీద వడ్లు పరిచి ఉండగా పని వదిలేసి వచ్చింది, ముప్పై ఏళ్ళలో మొదటిసారి. బడి గేటు బయట కొంగు నెత్తిన కప్పుకుని నిలబడింది.

లోపల చడీచప్పుడు లేదు. గజ్జెలుంటే పిల్ల కూర్చుందో లేచిందో తెలిసేది. ఇప్పుడేమీ తెలియడం లేదు.

గంటసేపటికి తలుపులోంచి హిమజ వచ్చింది. వరండాలో నడుస్తోంది, కాళ్ళు ఈడుస్తూ, పెదవులు కదుపుతూ. చివరిదాకా వచ్చింది. అక్కడి నుంచి గేటు తిన్నగా కనబడుతుంది. తలెత్తి చూసింది. "అమ్మమ్మా!" అని ముఖమంతా విప్పారింది. ఒక కాలు మెట్టు మీదికి దిగింది.

యాదమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. జేసీబీ కాదు, బొలెరో కాదు, ఈసారి పిల్లను లాగుతున్నది తనే. ఏ బుద్ధితో వచ్చి నిలబడ్డాను అనుకుంది. పో అని అరవబోయి, అరిస్తే పిలిచిందనుకుని పరుగెత్తుకొస్తుందని ఆగింది. దాక్కోవడానికి గేటు పక్కన గోడ కూడా లేదు.

హిమజ మెట్టు మీదున్న కాలును చూసుకుంది. అమ్మమ్మను చూసింది. ఉండు, వస్తా అన్నట్టు వేలు చూపించింది. కాలు వెనక్కి తీసుకుని, నేల మీద సాలు ఉన్నట్టే మళ్ళి, ఈడ్చుకుంటూ నడిచి లోపలికి పోయింది.

యాదమ్మ రోడ్డు దాటి, ఇక కనబడకుండా అవతలి పక్కకు పోయి నిలబడింది.

గంట కొట్టాక హిమజ అందరికంటే ఆఖరున వచ్చింది. "అన్నీ రాసిన. ఒకటి తప్పు పోయినట్టున్నది. అమ్మమ్మా, నా ప్యాడ్ ఏది?" అని, దానికోసం మళ్ళీ లోపలికి పరుగెత్తింది. యాదమ్మ నవ్వుకుంటూ ఫోన్ తీసి దుకాణానికి చేసింది.

"గంట కొట్టేదాక కూసున్నదా?" అంది భాగ్య.

"కూసోలేదు బిడ్డా. లేసింది."

"మల్లనా?" అంది భాగ్య.

"లేసి, వరండ చివరిదాక పోయి, నేను కనబడ్డా నా తానికి రాకుంట మళ్ళి పోయి కూసున్నది. దానంతటదే మళ్ళింది భాగ్యా."

భాగ్య ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. తరువాత అంది, "నేను హాస్టలోళ్ళకు ఫోన్ జేసి పిల్ల రాదని చెప్త. నువ్వు దాన్ని అట్లనే దుకానం కాడికి తోల్కరామ్మా. నాకు సూడాలనున్నది."