ఏడు నెలల చొక్కా

ఈ చంక దగ్గర కుట్టు ఒంటికి తగలకూడదు, ముడి బయటికి రావాలి, అంచులు బయటికి రావాలి, చూసేవాళ్ళు తిరగేసి తొడిగారనుకుంటే అనుకోనీ, మన షోకు పసిబిడ్డ ఒంటికేం తెలుసు, చంటిపిల్లల చొక్కా లోకానికి వెనకవైపే చూపాలి విశ్వాసమ్మా అని మిషను బళ్ళో దొరసాని వచ్చీరాని తెలుగులో చెప్పిన మాట సూది పట్టుకుంటే చాలు ఇప్పటికీ చెవిలో మోగుతుంది, ఆమె ఏ దేశంలో ఉందో ఏమో, నేను మాత్రం కోడుమూరు పక్కన ఈ పల్లెలో నా గడప మీద కూర్చుని గురమ్మగారి మనవడికి పాత పంచెతో చొక్కా కుడుతున్నాను, ఎంత మెత్తన ఈ గుడ్డ, తొంభై ఏళ్ళ పెద్దన్న తాత కట్టి కట్టి, ఉతికి ఉతికి వెన్న చేసి పెట్టాడు, ఆయన ఆయుష్షు బిడ్డకు అంటాలట, అంటితే మంచిదే, నా దేవుడికి అభ్యంతరం ఉండదనుకుంటాను, ఆ ఇంట్లో ముందు పుట్టిన ముగ్గురికీ కొత్త మల్లుగుడ్డ తెచ్చి కర్నూలు దర్జీ చేత మిషను మీద కుట్టించారు, ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు, అందుకే ఈసారి కొత్తగుడ్డ వద్దు, ఇనుప మిషను వద్దు, చేతికుట్టే కావాలన్నారు, మిషను వద్దన్న గురమ్మగారు చివరికి మిషను బళ్ళో చదివినదాన్నే వెతుక్కోవాల్సి వచ్చింది, నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, ముగ్గురు పోయిన ఇల్లు అది.

ఇంకో నాలుగు కుట్లు, పొద్దెక్కక ముందే తొడగాలి, ఇవాళ పదకొండో రోజు స్నానం, బిడ్డను నేను చూడలేదు, అంటరానివాళ్ళమని మమ్మల్ని ఆ గడప తొక్కనిస్తే కదా, మంత్రసాని మద్దమ్మ రెండు ముళ్ళు వేసిన నూలుపోగు తెచ్చి ఇచ్చింది, ఈ ముడి దాకా రొమ్మంట, ఈ ముడి దాకా చెయ్యంట, ఇంతకు రవ్వంత గూడా ఎక్కువ కుట్టొద్దని గురమ్మ శానా చెప్పింది మే, ఎదుగుతాడులే అని వదులుగా కుడితే సావును పిలిచినట్టేనంట, ఇంకో గుడ్డ గూడా ల్యాదు, ముసిలాయనకు ఉండేదే ఆ ఒక్క పంచె అని, నేనా పోగును భద్రంగా బైబిల్లో పెట్టాను, భద్రంగా దాచడం వచ్చినంత బాగా తీసి చూసుకోవడం నాకెప్పుడూ రాదు, అయినా గుడ్డ పరచగానే కత్తెర దానంతటదే నడిచింది, ఎక్కడా ఆగలేదు, ఏదో పూనినట్టు, కొలవకుండానే చేతికి తెలిసిపోయిందని మురిసిపోయాను కూడా, ఇదిగో చివరి కుట్టు, దారం కొరికేశాను, ఏదీ ఒకసారి ఆ పోగు పెట్టి చూద్దాం.

పోగు చొక్కాలో ముప్పాతిక దాకా పోయి ఆగిపోయింది, మళ్ళీ పెట్టాను, అంతే, చెయ్యి కూడా అంతే, బెత్తెడు పొడుగు, ఇది పదకొండు రోజుల బిడ్డది కాదు, మరి ఎవరిది, ఎవరిదో తెలియనట్టు అడుగుతున్నానేమిటి, ఈ భుజం నాకు తెలుసు, ఈ మెడ తెలుసు, ఈ మెడలో చద్ది వాసన కొట్టే పాలు కారేవి, నేను తుడిచేదాన్ని, ఏసురాజు, జర్మనీ యుద్ధం ముగిసిన ఏడాది ఊరూరా వచ్చిన జ్వరంలో పోయిన నా ఏసురాజు, ఏడు నెలలవాడు, అప్పుడే కూర్చోవడం నేర్చి పక్కకు ఒరిగి నవ్వేవాడు, పన్నెండేళ్ళయింది, ముఖం గుర్తు తెచ్చుకోబోతే రాదు, ఎన్ని రాత్రులు ఏడ్చాను ఆ ముఖం కోసం, మరి ఈ చేతులు ఎట్లా దాచుకున్నాయి ఇదంతా, నాకు చెప్పకుండా.

విశ్వాసమ్మా, యాడుండావే, ఆడ నీళ్ళు పోస్తాండారు, బిరీన రా అంటూ మద్దమ్మ వచ్చింది, చొక్కా చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఏం పని చేసినావే తల్లీ, కొయ్యి, ముడి కాడికి కోసెయ్యి, గురమ్మ చూస్తే నిన్ను బతకనిస్తాదా, నిజమే, కత్తెర తీసుకున్నాను, భుజం మీద పెట్టాను, వేళ్ళు వంగలేదు, కోయలేను మద్దక్కా, నావల్ల కాదు, అట్లాగే పట్టుకుని నడిచాను, దారంతా ఒకటే భయం, ఈ బిడ్డకేమైనా అయితే నా చెయ్యే అంటారు, అనడం సరే, నేనే అనుకుంటాను, అప్పుడెక్కడికి పోవాలి.

అరుగు కింద నిలబడి చొక్కా బండ మీద పెట్టాను, గురమ్మగారు పసుపునీళ్ళు చల్లి ఎత్తి చూసింది, ఆమె ముఖం నల్లబడింది, ఏమ్మే, కొలత పంపిస్తిని గదా, మా ఇంటి మీద ఏం పగ నీకు, తప్పయింది అమ్మా, నా బిడ్డ కొలత వచ్చేసింది, నా చెయ్యి నన్నడగలేదు, ఏడు నెలలకు పోయినాడమ్మా వాడు, అనకూడని మాట అనేశాను, పోయినోడి కొలతా అని ఆమె చొక్కాను బండ మీదికి విసిరేసింది, ఇంతలో లోపలి నుంచి కోడలు రామలక్ష్మమ్మ గడప దాకా వచ్చింది, తల తడి, చేతిలో గుప్పెడు బిడ్డ, అత్తా ఉండు, దాన్ని ఇట్లియ్యి, అంటూ తనే వంగి తీసుకుంది, చొక్కాను బిడ్డ మీద పరిచి చూస్తూ ఉండిపోయింది, విశ్వాసమ్మా, ఏడు నెలలకు ఇంత అవుతారా, అవుతారమ్మా, చెయ్యి ఈడికొస్తాదా, వస్తాదమ్మా, ఆమె కళ్ళు తుడుచుకోలేదు, నా బిడ్డలు ముగ్గురూ నెల దాటల్యా, ఏడు నెలల బిడ్డ నా ఒళ్ళో ఎంతుంటాడో నాకు తెల్దు, ఇప్పుడు తెలిసె, కొయ్యొద్దత్తా, నా కొడుకు ఇంత కావల్ల, చేతులు మడిచి తొడుగుదాం, నెలకొక మడత ఇప్పుదాం, ఇదిగో, నాకు రాదు, నువ్వే మడువు.

గురమ్మగారు ముఖం స్తంభం వైపు తిప్పుకుంది, నేను అరుగు ఎక్కాను, ఎవరూ ఆగమనలేదు, ఎంత చిన్న చెయ్యి తండ్రీ ఇది, గోళ్ళు కూడా ఉన్నాయి, అవీ ఎవరో కూర్చుని కుట్టినట్టే, ఒక మడత, రెండు, మూడు, నాలుగో మడతకు వేళ్ళు బయటికొచ్చి నా వేలు పట్టుకున్నాయి, వదల్లేదు, ఇంత పట్టు ఎక్కడిదిరా నీకు, వీడు ఎదుగుతాడో లేదో నాకు తెలియదు, మొక్కుకుంటాను, కానీ ఒకటి తెలిసింది, పన్నెండేళ్ళుగా దేవుడు నాకు ఏడు నెలలే ఇచ్చాడని ఆయనతో పోట్లాడుతున్నాను, ఏడు నెలలంటే ఎంతో ఈ తల్లికి చూపింది ఆ ఏడు నెలలే, నా చేతులు ఖాళీ అనుకున్నాను, వాటి నిండా వాడే ఉన్నాడు.